గాలి తెగే చోట

“ఆవిడ ఏం పని చేసేవారు?” అని అడిగాడు పెద్ద డాక్టరు, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురులోకి ఎత్తి చూస్తూ.

అడిగింది మంచం మీదున్న మనిషి గురించి. ఆ మనిషి మెలకువగానే ఉంది, చెవులు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. కానీ ఆమె ఊపిరి కూడదీసుకుని నోరు తెరిచేలోగా, మంచం పక్కన నిలబడ్డ మేస్త్రి అందుకున్నాడు. భార్య మాట తను అందుకోవడం ఆయనకు కొత్త కాదు.

“పనేం లేదండీ, ఇంట్లోనే. నాది హార్మోనియం పెట్టెలు బాగుచేసే కొట్టు. వంట అయ్యాక వచ్చి కూర్చునేది. ఊరికే గాలి కొట్టేది.”

“దుమ్ము ఉండేదా అక్కడ?”

“పాత పెట్టెలు కదండీ, ఉండదూ మరి. అయినా రాపిడి పనంతా నాదే. నాకేం కాలేదు చూడండి.”

డాక్టరు మేస్త్రిని చూడలేదు. ఆమె వేలికి తొడిగిన, ఆక్సిజన్ కొలిచే క్లిప్పును చూశాడు. అందులో అంకె నచ్చనట్టుంది, పెదవి విరిచాడు. జ్వరం పోయిందనీ, నెమ్ము దాదాపు కరిగిందనీ, మందులు చేయాల్సింది మందులు చేశాయనీ చెప్పాడు.

“ఇక మీ ఊపిరి కుదుటపడాలమ్మా. మీరు కంగారు పడేకొద్దీ అది ఎగదన్నుతోంది. ఒకటి రెండు రోజులు చూద్దాం. నెమ్మదిస్తే ఇంటికి పంపిస్తాను. లేదంటే పై అంతస్తుకు మార్చి మూతికి బిగించే మాస్కు పెట్టాలి. అక్కడికి మీవాళ్ళని రానివ్వరు.”

ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. మేస్త్రి ఫ్లాస్కు మూత తిప్పి, గోరువెచ్చటి నీళ్ళు గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చాడు. గ్లాసు అడుగును తన చొక్కా అంచుతో తుడిచి మరీ ఇచ్చాడు. మనిషి అంత చెడ్డవాడేం కాదు. అందుకే ఆ “ఊరికే” మరింత గుచ్చుకుంది. పెళ్ళైన కొత్తలో ఆ గాలి కొట్టే తిత్తి పిడి పట్టుకున్న చేయి, మొన్న జ్వరం పడగొట్టేదాకా వదల్లేదు. అదంతా ఊరికేనట.

“ఏమిటలా చూస్తున్నావు?” అన్నాడు మేస్త్రి.

ఆమె తల అడ్డంగా ఊపింది. అనాలంటే చాలా ఉంది. అంత మాటకు సరిపడా ఊపిరి లేదు.

అసలు బాధ అది కూడా కాదు. పైఅంతస్తు, మాస్కు, అవీ కావు. తెల్లవారుతూనే కిటికీ దగ్గర నిలబడి, చిన్నప్పుడు అమ్మ నేర్పిన నాలుగు వాక్యాలు పైకి చెప్పుకోవడం ఆమె అలవాటు. అది గొప్ప ప్రార్థనేం కాదు. నిన్న గడిచినందుకు ఒక మాట, ఇవాళ్టికి ఒక మాట, ఇంట్లోవాళ్ళకొకటి, ఊళ్ళోవాళ్ళకొకటి. మాటలైపోయాక ఒక్క క్షణం, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉండేది. మాట్లాడరు, అడగరు, వచ్చి కూర్చుంటారంతే. ఆ క్షణం కోసమే ఆ నాలుగు మాటలు. జబ్బు పడ్డాక రెండో వాక్యం సగంలో దగ్గు తెర వచ్చి మాట తెగిపోతోంది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటే మొదటి వాక్యమే తెగుతోంది. పక్కన కూర్చునేవాళ్ళు ఎవరో గాని, ఈ ఆసుపత్రి చిరునామా వాళ్ళకు తెలియదేమో అనిపించింది ఆమెకు. పైకి తీసుకుపోతే వాళ్ళకు ఇక అసలే దొరకదు. ఆ భయం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డు చివరి వరండాలోకి ఎండ దిగేది. అక్కడ కుర్చీలు గోడవారగా వేసి, నడవగలిగినవాళ్ళను కూర్చోబెట్టి, ఒక అమ్మాయి ఊపిరి పాఠం చెప్పేది. బక్కపలచటి మనిషి, కాళ్ళకు గుడ్డ బూట్లు. ఆమె అసలు హోదా ఏమిటో వార్డులో ఎవరికీ నోరు తిరగదు. అందరికీ ఊపిరి టీచరే.

“కళ్ళు మూసుకోండి. ఒక చేయి పొట్ట మీద పెట్టుకోండి. ఊపిరిని మీరు లాగొద్దు, తొయ్యొద్దు. వస్తుంటే రానివ్వండి, పోతుంటే పోనివ్వండి. వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తాం కదా, అలాగ. ఊరికే చూస్తూ ఉండండి.”

మళ్ళీ ఊరికే. ఆమె కళ్ళు మూసుకునే మొహం చిట్లించుకుంది.

“చూస్తుంటే నాకు నిద్రొస్తోంది టీచరమ్మా,” అంది పక్క కుర్చీలో కండక్టరమ్మ. బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. మంచాన పడ్డా గొంతు మాత్రం వెనక సీటుదాకా వినిపిస్తుంది. “నా సర్వీసంతా వచ్చేపోయేవాళ్ళని చూడ్డమే. ఇప్పుడు ఊపిరికి కూడా టికెట్టు కొట్టమంటావా?”

“కొట్టొద్దు పిన్నీ. ఇవాళ ఉచితం. ఎక్కనివ్వండి, దిగనివ్వండి.”

నలుగురూ నవ్వారు. మేస్త్రిగారి ఆవిడ నవ్వలేదు. ఆమె పొట్ట మీద చేయి పెట్టుకుని, మనసు పెట్టి, తనకు తెలిసిన పద్ధతిలో ఊపిరిని చక్కబెడుతోంది. సమంగా రావాలి. సమంగా పోవాలి. ఎక్కడా ఖాళీ పడకూడదు. ఎంత శ్రద్ధగా చేస్తే అంతగా రొమ్ము బిగుసుకుపోతోంది. భుజాలు పైకి లేచాయి. మెడ నరాలు తేలాయి. పరీక్షలో తెలిసిన ప్రశ్నే వచ్చినా కలం కదలని పిల్లలా ఏడుపొచ్చింది ఆమెకు.

టీచరు వచ్చి ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వీపు మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉంది.

“అమ్మా, మీరు వదలడం పూర్తి కాకముందే తీసుకుంటున్నారు. పాతగాలి లోపలే ఉండిపోతోంది. నిండిన బిందె కింద కుళాయి తిప్పినట్టే కదా. కొత్త గాలి ఎక్కడ పడుతుంది?”

ఆమె కళ్ళు తెరిచింది.

“చివరిదాకా పోనివ్వండి. పోయాక తొందరపడకండి. కాస్త ఖాళీ ఉంటుంది అక్కడ. ఊపిరి దానంతటదే వస్తుంది తర్వాత, మీరు పిలవక్కర్లేదు.”

“ఆగితే...” అంది ఆమె. ఒక ఊపిరి పట్టింది ఆ మాటకు. “తెగిపోతుంది.”

“ఏం తెగిపోతుందమ్మా?”

“గాలి.”

టీచరుకు అర్థం కాలేదు. తప్పు ఆ పిల్లది కాదు. ఆ కొట్టు చూడనివాళ్ళకు ఎలా అర్థమవుతుంది?

కొట్లో ఒక శ్రుతిబల్ల ఉండేది. ముందువైపు వీధికి ఎదురుగా మేస్త్రి కూర్చునేవాడు. వెనకవైపు గోడకు ఎదురుగా, పొట్టి పీట మీద ఆమె. మధ్యలో బల్ల, బల్ల కింద తోలు తిత్తి. తిత్తి పిడి ఆమె చేతిలో. మేస్త్రి బల్లమీది గంటులో రీడ్లు, అంటే స్వరం పలికే ఇత్తడి రేకులు, రెండు బిగించేవాడు. ఒకటి సరైనది, రెండోది సరిచేయాల్సింది. గాలి అందగానే రెండూ కలిసి పలికేవి. స్వరాలు దగ్గర దగ్గరగా ఉండి కలవకపోతే వాటి మధ్య ఒక అల లేస్తుంది, వణుకుతున్నట్టు. మేస్త్రి రీడు నాలుక కొసన ఆకురాయితో ఒక్క గీత గీసేవాడు, చెవి వంచేవాడు. మళ్ళీ గీత. అల నిదానించేది. ఇంకా నిదానించేది. ఆ సమయంలో గాలి ఒక్క పిసరు హెచ్చినా తగ్గినా స్వరం జారి, దొంగ అల ఒకటి లేస్తుంది. పొద్దుటినుంచీ పడ్డ శ్రమంతా నీళ్ళపాలు.

“గాలి తెగింది,” అని కేకేసేవాడు మేస్త్రి తల తిప్పకుండానే. కొత్త కోడలిగా ఆ మాట ఎన్నిసార్లు పడిందో. పడగా పడగా చేతికి పట్టుబడింది. ఒక ఒత్తు అయిపోకముందే రెండోదానికి పిడి మళ్ళించాలి. ఆ మలుపు ఎక్కడ జరిగిందో వినేవాడికి తెలియకూడదు. చేయి వణకకుండా ఉండాలని ఆమె ఊపిరిని కూడా చేతితోపాటు నడిపేది. తిత్తి ఎలా పోతే ఊపిరి అలా. కొన్నాళ్ళకు ఏది దేన్ని నడుపుతోందో ఆమెకే తెలిసేది కాదు.

అల పూర్తిగా నిలిచిపోయే ఘడియ మాత్రం ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. రెండు స్వరాలు ఒక్కటైపోయేవి. రేకు తలుపు సందులోంచి పడే ఎండగీతలో తోలు పొడి తేలుతూ ఉండేది. జిగురు గిన్నె వేడి వాసన. మేస్త్రి ఏమీ అనేవాడు కాదు, తల ఎత్తేవాడంతే. గోడవైపు తిరిగి కూర్చున్న ఆమెకు ఆయన తల ఎత్తినట్టు తెలిసేది. అప్పుడూ ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉండేది, పొద్దున కిటికీ దగ్గరలాగే. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే తోలు వాసనకు తల తిరిగిందేమోననేవాడు.

పెట్టె పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళు ఒక్కసారి వాయించి చూసి, “మేస్త్రీ, నీ చెవికి బంగారు తొడుగు చేయించాలయ్యా,” అని ఆకాశానికెత్తేవాళ్ళు. బల్ల వెనక ఒక మనిషి ఉన్నట్టు వాళ్ళకు తెలియదు. మేస్త్రి చెప్పేవాడూ కాదు. చెప్పాలని తోచేది కాదు, గోడకు సున్నం ఉందని ఎవరైనా చెబుతారా?

మర్నాడు మేస్త్రి కాస్త ఆలస్యంగా వచ్చాడు. చంకలో దుప్పటి గుడ్డ మూట. మొహం మాడిపోయి ఉంది. వార్డులో ఆమె లేదని చూసుకుని నేరుగా వరండాలోకి వచ్చాడు. పాఠం అప్పుడే అయిపోయింది. ఆమె పాఠం మళ్ళీ తప్పింది. పొద్దున డాక్టరు వచ్చినప్పుడు అంకె నిన్నటికన్నా కిందికే ఉంది. “రేపు పొద్దున చూసి పైకి మార్చేద్దాం,” అని నర్సుతో అనడం ఆమె విన్నది. ముక్కుకు పెట్టిన సన్నగొట్టంలో ఆక్సిజన్ ఇంకొంచెం పెంచారు.

మేస్త్రి మూట విప్పాడు. లోపల ఒక చిన్న హార్మోనియం.

“బడి పెట్టె,” అన్నాడు ఆమె పక్కన కుర్చీ లాక్కుంటూ. “పాటల మాస్టారు ప్రాణం తీస్తున్నాడు. పిల్లలు ఉత్త గొంతులతో గోల చేస్తున్నారట. శ్రుతి చేయాల్సినవి రెండే రీడ్లు మిగిలాయి. నా వల్ల కావడంలేదు.”

ఆమె కళ్ళతోనే ఏమిటన్నట్టు చూసింది.

“నేనే కొట్టుకుని నేనే వింటుంటే అల ఉందో, నా చేయి ఊగుతోందో తెలియడంలేదు. పక్క కొట్టు దర్జీని కూర్చోబెట్టాను. వాడు గాలి కొడుతుంటే స్వరం కుట్టుమిషనెక్కినట్టుంది. నువ్వు చెవి పెడితే చాలు. నేను కొడతాను. అల ఉందంటే ఉందను, పోయిందంటే పోయిందను.”

“బాగుందన్నయ్యా,” అంది కండక్టరమ్మ. “మంచం మీదున్న మనిషికి కూడా డ్యూటీ వేశావు.”

“డ్యూటీ కాదమ్మా. ఊరికే...” అని మేస్త్రి ఎందుకో ఆ మాట దగ్గర ఆగి, పెట్టె మూత తెరవడంలో పడ్డాడు.

ఊపిరి టీచరు వద్దంటుందనుకున్నాడు. ఆ పిల్ల మేస్త్రిని ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, “ఎక్కువసేపు వద్దు. మెల్లిగా,” అని చెప్పి, ఆమె వేలి క్లిప్పు సరిచేసి అక్కడే ఉండిపోయింది.

మేస్త్రి రెండు మెట్లు నొక్కి పట్టి, ఎడమచేత్తో పెట్టె వెనక తిత్తి లాగాడు. గాలిని నిలవ ఉంచే లోపలి తిత్తి స్ప్రింగు పోయింది. అది ఇంకా మార్చలేదు. కాబట్టి చేయి నెడుతున్నంతసేపే గాలి. అలాంటి పెట్టెనైనా ఆమె చేయి చిన్నచిన్న ఒత్తులతో బతికించేది. మేస్త్రి చేతికి ఆ విద్య రాదు. నేర్చుకోవాల్సిన అవసరమే పడలేదు. స్వరం గుప్పున లేచింది, వణికింది, సన్నగిల్లింది, చచ్చిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ గుప్పున లేచింది, సన్నగిల్లింది, ఆగింది.

“గేర్లు అరిగిన బస్సు నయం,” అంది కండక్టరమ్మ మెల్లిగా.

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. చేయి దానంతటదే లేచి పిడికోసం వెతికింది. అందలేదు. మేస్త్రి చెమటలు కక్కుతూ నెడుతున్నాడు. గాలి మళ్ళీ తెగింది. ఆ తెగిన చోట వరండా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

ఆమె ఊపిరికి తిత్తి వెంట నడవడం తప్ప ఇంకో దారి తెలియదు. ఇన్నేళ్ళ అలవాటు, చెప్పినా వినదు. మేస్త్రి నెడుతుంటే ఆమె ఊపిరి వదులుతోంది. ఆయన మొరటు చేయి తిత్తిని పూర్తిగా, అట్టలు అతుక్కునేదాకా అణిచేస్తోంది. అందుకని ఆమె ఊపిరి కూడా అడుగుదాకా పోయింది. ఆయన పిడి సర్దుకోవడానికి తడబడ్డాడు. ఆమె ఊపిరి అక్కడ ఆగింది. గాలి తెగింది. ఎవరూ కేకెయ్యలేదు.

ఏమీ కాలేదు. స్వరం లేదు, ఊపిరి లేదు, కంగారు కూడా లేదు. ఎండ మోకాళ్ళ మీద వెచ్చగా ఉంది. తర్వాత తిత్తి తెరుచుకుంది, ఊపిరి తనంత తానే వచ్చింది, పిలవకుండానే.

మళ్ళీ ఒకసారి. మళ్ళీ. భుజాలు ఎప్పుడు దిగాయో ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఆ ఖాళీని ఎవరికీ వినబడకుండా మూసేసింది. దాన్ని తప్పు అనుకుంది. ఇప్పుడు అందులోకే దిగి కూర్చుంది. అప్పుడు ఆ ఖాళీలోకి, పాత నిదానంతోనే, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమీ అడగలేదు. నాలుగు వాక్యాలు చెప్పమనలేదు. ఒక్క మాటైనా చెప్పమనలేదు. ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. మాటల కోసం కొట్టుకుపోయాను గాని మాటలతో పనే లేదు కదా అనుకుంది.

ఊపిరి టీచరు క్లిప్పులో అంకె చూసి, ఇంకోసారి చూసి, గోడకు ఆనుకుంది.

మేస్త్రికి ఇవేవీ తెలియవు. ఆయన మొహం ఎర్రబడింది. చొక్కా వీపుకు అతుక్కుంది. “మళ్ళీ తెగింది,” అన్నాడు. “మళ్ళీ.” చివరికి మెట్ల మీదినుంచి వేళ్ళు తీసేసి, ఎడమచేయి మణికట్టు పట్టుకుని నొక్కుకున్నాడు. అదే చోట ఆమె నొక్కుకోవడం రోజూ చూశాడు. ఏనాడూ ఎందుకని అడగలేదు. కాసేపు తన చేయివైపే చూసుకున్నాడు.

“ఇన్నేళ్ళూ ఎలా చేశావే దీన్ని?” అన్నాడు. గొంతు చాలా తగ్గింది. “నిన్న డాక్టరుతో ఏదో వాగాను.”

“విన్నాను.”

“విన్నావని తెలుసు.”

ఆయన పెట్టె మూత వేయబోయాడు. “నా వల్ల కాదు. ఇంటికొచ్చాక చూద్దాంలే. ఊరికే నిన్ను అలిసేట్టు చేస్తున్నాను.”

ఆమె మూత మీద చేయి వేసింది.

“కొట్టండి.”

“గాలి తెగిపోతోంది కదే.”

“తెగనివ్వండి,” అంది ఆమె.

మేస్త్రికి అర్థం కాలేదు. భార్య చెప్పిన మాటను అర్థం కాకుండానే విని చేయడం బహుశా ఆయనకు అదే మొదలు. తిత్తి లాగాడు. స్వరం లేచింది, సన్నగిల్లింది, ఆగింది. కండక్టరమ్మ కూడా కళ్ళు మూసుకుంది. ఆ ఎండలో కుర్చీలలో ఉన్నవాళ్ళందరూ, చేతకాని ఒక చేయి కొడుతున్న గాలి వెంట, ఊపిరి వదులుతూ, ఆగుతూ కూర్చున్నారు. అల ఉందో పోయిందో మేస్త్రి అడగడం మరిచిపోయాడు, ఆమె చెప్పడమూ మరిచిపోయింది. బడి పెట్టె అలాగే అపశ్రుతితో ఇంటికి పోయింది.

తెల్లవారి, ఆమె గొట్టం అందినంత మేర కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద వీధిలో పాలబండి పోతోంది, ఎవరో కొట్టు రేకు తలుపు ఎత్తుతున్నారు. ఆ చప్పుడుకు మనసు ఒక్కసారి తమ కొట్లోకి వెళ్ళి, పీట మీద కూర్చుని, మళ్ళీ వచ్చింది. ఆమె నాలుగు వాక్యాల జోలికి పోలేదు. ఊపిరి పోనిచ్చింది. అది పోయాక ఆగింది. రావాల్సినవాళ్ళు వచ్చారు. ఆసుపత్రి చిరునామా వాళ్ళకు తెలుసు.

మేస్త్రి ఫ్లాస్కుతో వచ్చాడు. వస్తూనే ఫిర్యాదు మొదలుపెట్టాడు.

“పాటల మాస్టారు పొద్దున్నే కొట్టు మీదికొచ్చాడు. పెట్టె కాలేదన్నాను. ఎందుక్కాలేదన్నాడు. మా ఆవిడ ఇంటికొచ్చాకే అవుతుందన్నాను. పెట్టెకీ మీ ఆవిడకీ ఏం సంబంధమయ్యా అంటాడు. అంత చదువుకున్న మనిషి. బల్ల వెనక్కి తీసుకెళ్ళి, నీ పీట మీద కూర్చోబెట్టి, పిడి చేతికిచ్చి కొట్టి చూడమన్నాను. కొట్టాడు. ఇక నోరెత్తలేదు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొస్తుందని భయపడింది. రాలేదు.

పెద్ద డాక్టరు వచ్చి అంకె చూశాడు. క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకుని అది సరిగ్గా ఉందో లేదో చూసుకుని, మళ్ళీ ఆమె వేలికి పెట్టాడు. వీపు మీద స్టెతస్కోపు ఆనించి విన్నాడు.

“పైకి అక్కర్లేదు. ఇవాళ ఉంచి రేపు పంపేద్దాం,” అన్నాడు. “ఇంట్లో దుమ్ములో కూర్చోకూడదు. మూతికి గుడ్డ కట్టుకోవాలి. ఇంతకూ ఏం పని అన్నారు?”

మేస్త్రి నోరు తెరిచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? తెరిచిన నోటిని ఒక క్షణం అలాగే ఉంచి, మూసుకుని, ఆమె వైపు తిరిగాడు.

“ఆవిడే చెబుతుందండీ.”

డాక్టరు వాచీ చూసుకున్నాడు. ఆమె తొందరపడలేదు. ఉన్న ఊపిరిని చివరిదాకా పోనిచ్చింది. ఎవరూ కేకెయ్యని ఆ ఖాళీలో కాస్త ఆగింది. కొత్తది దానంతటది వచ్చాక చెప్పింది.

“హార్మోనియంలు శ్రుతి చేస్తామండీ ఇద్దరమూ. ఆయన వింటారు, నేను గాలి కొడతాను.”

మాట ఎక్కడా తెగలేదు.